18 సెకన్ల వీడియో, మా అన్న షాపుకి 700 రివ్యూలు. సీసీ ఫుటేజీ పెట్టేయాలా వద్దా?

చిన్నోడు_నల్లగొండ
మా అన్నకి మెడికల్ షాపు ఉంది. నల్లగొండ వైపు చిన్న టౌను, పేరు రాయను. పద్నాలుగేళ్ళుగా నడుపుతున్నాడు. పోయిన గురువారం సాయంత్రం ఓ పెద్దాయన వచ్చి ఒక మందు అడిగాడు. చేతిలో డాక్టర్ చీటీ లేదు. అన్న ఇవ్వనన్నాడు. ఆయన కౌంటర్ మీద వంద నోటు పెట్టి బతిమాలాడు, తర్వాత గొంతు పెంచాడు, చివరికి నోటు చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఇదంతా ఓ పావుగంట. అన్న బయటికొచ్చి రెక్క పట్టుకుని లేపి, మెట్లు దింపి, ఆటో ఎక్కించి పంపాడు.

ఎదురుగా చెరుకు రసం బండి దగ్గర నిలబడ్డ కుర్రాడెవరో వీడియో తీశాడు. 18 సెకన్లు. అందులో ఆటో లేదు. వంద నోటు ఉంది, రెక్క పట్టి లేపడం ఉంది, అన్న మొహం చిరాగ్గా ఉంది. మాటలు వినపడవు, వాటి మీద ఏడుపు పాట వేశారు. "డబ్బులు తక్కువయ్యాయని ముసలాయన్ని గెంటేసిన మెడికల్ షాపు ఓనరు, వీణ్ణి ఫేమస్ చేయండి" అని రాశారు. చేశారు.

వీడియోలో బోర్డు కనిపిస్తుంది, బోర్డు మీద ఫోన్ నంబరు. రాత్రి పదకొండుకి మొదలైన ఫోన్లు తెల్లారినా ఆగలేదు. గూగుల్ మ్యాప్స్‌లో 63 రివ్యూలు, 4.4 రేటింగ్ ఉండేది. ఇవాళ పొద్దున చూస్తే 700 దాటాయి, రేటింగ్ 1.3. ఒకామె "ఎక్స్‌పైరీ మందులు అంటగడతాడు, మా పాప చావు దాకా వెళ్ళొచ్చింది" అని రాసింది. ఆవిడ పెట్టిన మిగతా రివ్యూలు చూస్తే అన్నీ పుణె హోటళ్ళే, మా జిల్లా గడప తొక్కిన ఆనవాలు లేదు. అన్న కూతురు పదో తరగతి. బెంచీలో పక్కకి జరగమంటే "గెంటేయకే తల్లీ" అంటున్నారట. రెండ్రోజుల నుంచి బడికి పోవట్లేదు.

షాపులో సీసీ కెమెరా ఉంది. మాటలతో సహా మొత్తం రికార్డయింది. పెట్టేయమని వదిన, నేను. వద్దని అన్న. ఏం చేయమంటారు?

ఇన్వర్టర్_బాబాయ్
పెట్టేయండి. ఇంకా ఆలోచనెందుకు?

హైటెక్_హరి
ఫుటేజీ ఉందంటారు, ఇన్ని రోజులైనా బయట పెట్టరు. నిప్పు లేనిదే పొగ రాదు కదా బ్రో.

గోదారి_గట్టు
హరి గారూ, ఇప్పుడు పొగకి నిప్పక్కర్లేదండి, నెట్ బ్యాలెన్స్ ఉంటే చాలు.

అడ్వొకేట్_జీవీ
పెట్టడం, పెట్టకపోవడం తర్వాత సంగతి. ముందు ఆ ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి, ఇవాళే. చిన్న షాపుల్లో పెట్టే డీవీఆర్, అంటే కెమెరా రికార్డింగ్ పెట్టె, డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది రాసేసుకుంటుంది. నా దగ్గరికొచ్చే కేసుల్లో సగం మంది "సార్, నెల కింద ఉండె" అంటారు. డీవీఆర్‌ని కూడా మార్చకండి, కోర్టు అడిగితే అసలు పెట్టె కావాలి. వీడియో లింకులు, క్యాప్షన్, రివ్యూలు అన్నీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వాళ్ళు డిలీట్ చేస్తే మీ దగ్గర ఏమీ మిగలదు.

చిన్నోడు_నల్లగొండ
థాంక్స్ సార్. సాయంత్రం కెమెరా కుర్రాణ్ణి పిలిపిస్తా.

మెడికల్_మూర్తి
నాదీ మెడికల్ షాపే. ఏ మందు అడిగాడో చెప్పక్కర్లేదు గానీ, షెడ్యూల్ హెచ్‌1 కోవదేనా? పెట్టె మీద ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటుంది చూడండి, అవి. తెలియనివాళ్ళ కోసం: చీటీ లేకుండా అవి అమ్మితే మా లైసెన్సు మీదికొస్తుంది. చీటీ ఉన్నా డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్‌లో రాయాలి, మూడేళ్ళు దాచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ రాగానే మొదట అడిగేది ఆ పుస్తకమే. ఇవ్వకపోతే జనం తిడతారు, ఇస్తే ఇన్‌స్పెక్టర్ తిడతాడు. మా బతుకు అడకత్తెరలో పోకచెక్క.

చిన్నోడు_నల్లగొండ
అవును సార్, ఆ కోవదే. అంతకంటే చెప్పలేను, ఆ పెద్దాయన ఇంటి విషయం.

హైటెక్_హరి
మళ్ళీ సస్పెన్సా? చీటీ లేకపోతే ఇవ్వనని చెప్పి ఊరుకోవచ్చు, రెక్క పట్టి లేపడమెందుకు? ఆ "చెప్పలేనిది" మీ అన్న వైపే ఉందేమో.

ఇన్వర్టర్_బాబాయ్
నేను పెట్టేయమన్నా గానీ, హరి అడిగిందీ నిజమే. సగం చెప్పి సలహా అడిగితే ఎలా?

శ్రీలత_కె
నేను కొంచెం అడ్డం తిరుగుతాను, తిట్టుకోకండి. ఫోన్ ఎత్తి వీడియో తీసేవాళ్ళందరినీ ఒకే గాటన కట్టొద్దు. డిగ్రీలో ఉన్నప్పుడు రోజూ సిటీ బస్సులో ఒకడు వెనకే నిలబడేవాడు. స్టేషన్‌కి వెళ్తే "బస్సు మార్చుకోమ్మా" అన్నారు. మూడోసారి వాడి ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను, మర్నాడు ఆ స్టేషన్ నుంచే ఫోన్ వచ్చింది. ఫొటో పెట్టకపోతే నేను ఇప్పటికీ బస్సులు మారుతూ ఉండేదాన్ని. 2024 జులైలో తండ్రీ కూతుళ్ళ వీడియో మీద ఒక యూట్యూబర్ వాగిన బూతులు గుర్తున్నాయా? సాయి ధరమ్ తేజ్ ట్వీట్ పెట్టాకే కదా అంతా కదిలింది, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అరెస్టు చేసింది. అది అల్లరి అవ్వకపోతే ఎవరు పట్టించుకునేవాళ్ళు?

గోదారి_గట్టు
శ్రీలత గారూ, మీదీ ఆ యూట్యూబర్‌దీ వేరండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది ఎవడో మీకు తెలుసు. ఆ యూట్యూబర్ మాటలు వాడి నోటి నుంచే రికార్డయ్యాయి. ఇక్కడ దారిన పోయేవాడు రోడ్డవతల నుంచి తీశాడు, మాట ఒక్కటీ వినపడదు.

ఇంకోటి. 2015 ఆగస్టులో ఢిల్లీ తిలక్ నగర్ సిగ్నల్ దగ్గర బైకు మీదున్న కుర్రాడి ఫొటో ఒకటి దేశమంతా తిరిగింది, వేధించాడని. టీవీలు ఆ రాత్రే ఉరి ఒక్కటే వేయలేదు. 2019లో కోర్టు నిర్దోషి అంది. మధ్యలో నాలుగేళ్ళు. ఆ ఫొటో షేర్ చేసినవాళ్ళలో ఎంతమంది తీర్పు షేర్ చేశారో చూపించండి.

శ్రీలత_కె
కోర్టు వదిలేసిందంటే ఆ అమ్మాయి అబద్ధం చెప్పిందని కాదు గట్టు గారూ, రుజువు కాలేదని. మీరూ ఇప్పుడు అదే చేస్తున్నారు, ఈసారి ఆవిడ మీద.

గోదారి_గట్టు
సరే. అది ఒప్పుకుంటా.

నాన్‌స్టాప్_నాని
గట్టు గారు ఒప్పుకున్నారు! స్క్రీన్‌షాట్ తీసి ఫ్రేమ్ కట్టించండి ఎవరైనా.

చిన్నోడు_నల్లగొండ
[ఈ పోస్టును రాసినవారే తొలగించారు]

మెడికల్_మూర్తి
అయ్యో. మీ అన్న చేసిందే కరెక్ట్. కొడుకు ముందే షాపుకొచ్చి చేతులు పట్టుకుని చెప్పి వెళ్ళాక ఏ మనిషైనా ఎలా ఇస్తాడు?

హైటెక్_హరి
సారీ బ్రో. నిజంగా సారీ. ఈ యాంగిల్ తట్టలేదు.

చింతచిగురు
తట్టలేదు కాబట్టే అడిగి అడిగి కక్కించాం. ఆయన రాత్రిళ్ళు ఎలా గడుపుతున్నాడో మన పది మందికీ ఎందుకు? ఆ వీడియో చూసినవాళ్ళకి ఆయన మొహం తెలుసు. ఊరి పేరు రాయకపోయినంత మాత్రాన దాగదు. చిన్నోడు గారూ, ఆ పోస్టు తీసేయండి.

చిన్నోడు_నల్లగొండ
తీసేశా అక్కా. కోపంలో రాసేశాను. ఇంట్లో గొడవ కూడా దీని గురించే. ఆ ఫుటేజీలో మా అన్న తప్పేమీ లేదని స్పష్టంగా తెలుస్తుంది. కానీ ఆయన మందు పేరు పెట్టి అడగడం, చనిపోయిన వాళ్ళావిడ పేరు పిలుచుకుంటూ ఏడవడం, అన్నీ ఉన్నాయి. అన్న ఒకటే మాట అంటున్నాడు, "నా పరువు కోసం ఆయన్ని బజార్లో కూర్చోబెట్టాలా" అని. వదినేమో "ఆయనకి పరువు ఉంది, నా బిడ్డకి లేదా" అంటుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు అనిపిస్తుంది.

రిటైర్డ్_మాస్టారు
మా చిన్నప్పుడు తప్పు చేశాడన్నవాణ్ణి రచ్చబండ దగ్గరికి పిలిచేవారు. తిట్టినా కొట్టినా, వాడి మాట కూడా వినేవారు. తీర్పు చెప్పేవాడికి వాడి తాత తెలుసు, వాడి పొలం తెలుసు. రేపు వాడి మొహం చూడాలన్న బిడియం ఉండేది. ఈ ఫోన్లలో ఆ బిడియం లేదు.

చింతచిగురు
మాస్టారూ, మీరు ఆ రచ్చబండ మీద కూర్చున్న వైపు నుంచి చెప్తున్నారు. మా తాతని అక్కడ కింద నిలబెట్టారు, ఎండలో, చెప్పులు చేతిలో పట్టుకుని. ఆయన మాట ఎవరూ వినలేదు. వెలి వేస్తే ఏడాది పాటు చాకలి రాలేదు, కూలి ఇవ్వలేదు. అందరికీ అందరూ తెలుసు కాబట్టే అంత పక్కాగా వేయగలిగారు.

రిటైర్డ్_మాస్టారు
నిజమే అమ్మా. నేను చూసిన రచ్చబండ వేరు. నేను ఏ వైపు నుంచి చూశానో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

పాలమూరు_పిల్లోడు
మాది గద్వాల దగ్గర పల్లె. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వీడియోలు తిరిగినప్పుడు మా ఊళ్ళో రాత్రిపూట కర్రలతో కాపలా. నాకప్పుడు పదహారేళ్ళు, నా చేతిలోనూ కర్ర ఉంది. దుప్పట్లు అమ్ముకునే ఇద్దరిని ఆపాం. భాష రాదు, వణికిపోతున్నారు. భాష రాదు కాబట్టి దొంగలే అన్నాడు ఒకడు. సంచి తీసి చూస్తే దుప్పట్లే. "దుప్పట్ల కింద చూడు" అన్నాడు ఇంకొకడు. మా ఊరికి కేటాయించిన కానిస్టేబుల్ నంబరు గోడ మీద రాసి ఉంటే మా పెద్దమ్మ ఫోన్ చేసింది, ఆయన బండి మీద వచ్చాడు, బతికిపోయారు వాళ్ళిద్దరూ. బతికిపోయాం మేమూ. అప్పుడు మాకు ఎస్పీ రెమా రాజేశ్వరి. ఊరికో పోలీసుని పెట్టి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అది పుకారని చెప్పించింది.

అదే ఏడాది జులైలో బీదర్ జిల్లాలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి కొట్టి చంపారు. పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారని అనుమానం. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లని ఒకసారికి అయిదింటికి కట్టడి చేసింది. ఆ కర్ర బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

డల్లాస్_డప్పు
అయిదైనా ఎక్కువే. అమెరికాలోనూ అంతే. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ బాంబుల తర్వాత రెడిట్‌లో జనం ఫొటోలు పోల్చి పోల్చి, కనిపించకుండా పోయిన ఒక భారత సంతతి విద్యార్థే బాంబరని తేల్చేశారు. వాళ్ళింటివాళ్ళు పిల్లాణ్ణి వెతుక్కోవడానికి పెట్టుకున్న ఫేస్‌బుక్ పేజీ నిండా తిట్లు పోశారు. కొద్దిరోజులకి అతని శవం నదిలో దొరికింది. బాంబులు పేలేనాటికే అతను లేడు. రెడిట్ క్షమాపణ చెప్పింది.

ఇన్వర్టర్_బాబాయ్
అంత దూరమెందుకు, 2024 మార్చిలో తెనాలిలో జరిగింది చూడండి. ఇంటి పట్టా వచ్చిందని సంబరంగా మాట్లాడిన ఆడమనిషిని ఎంతగా ట్రోల్ చేశారు! కొన్ని రోజులకే చనిపోయింది. అప్పుడు ఆ పార్టీ వాళ్ళు చేసిన

మోడరేటర్
బాబాయ్ గారి పోస్టులో చివరి నాలుగు లైన్లు కత్తిరించాను. దాని మీద వచ్చిన పదకొండు జవాబులూ తీసేశాను. ఆవిడ పోయిన బాధ కంటే ఎవరి పార్టీ అన్నదే అందరికీ కావాలి. ఆ గోల ఇక్కడ వద్దు.

నాన్‌స్టాప్_నాని
పదకొండులో మూడు నావే. సారీ మోడ్ గారూ.

అడ్వొకేట్_జీవీ
చట్టం సంగతి చెప్తా. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356 కింద, పాత ఐపీసీ 499, 500. పోలీసులు నేరుగా కేసు కట్టరు, మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లయింట్ వేసుకోవాలి. సివిల్‌లో పరిహారం కూడా అడగొచ్చు. "ఐటీ చట్టంలోని పాత 66ఏ పెట్టేయండి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. బెదిరింపు ఫోన్లకి మాత్రం నంబర్లతో స్టేషన్‌లో, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి.

కానీ 700 మంది మీద కేసు వేయలేరు. తిలాపాపం తలా పిడికెడు. ఎవణ్ణి అడిగినా నేను ఒక్క స్టారే కదా ఇచ్చాను అంటాడు. మీరు పట్టుకోవాల్సింది ఇద్దర్ని: వీడియో మొదట పెట్టినవాణ్ణి, ఎక్స్‌పైరీ మందులని రాసిన పుణె ఆవిడని. రెండోది పచ్చి అబద్ధం, వ్యాపారం మీద దెబ్బ.

మెడికల్_మూర్తి
రివ్యూలకి కూడా దారి ఉంది. షాపుకి రాకుండా రాసిన రివ్యూలు గూగుల్ రూల్స్‌కే విరుద్ధం. అన్న బిజినెస్ ప్రొఫైల్‌లోకి వెళ్ళి ఒక్కొక్కటీ రిపోర్ట్ కొట్టండి. విసుగొస్తుంది, కొట్టండి. జవాబులు మాత్రం రాయకండి, రాసిన ప్రతి జవాబూ ఇంకో స్క్రీన్‌షాట్ అవుతుంది.

హైటెక్_హరి
మాట తీసేసి, మొహాలు బ్లర్ చేసి ఫుటేజీ పెడితే? ఆటో ఎక్కించడం ఒక్కటీ కనిపిస్తే చాలదా?

గోదారి_గట్టు
చాలదండి. "బ్లర్ ఎందుకు చేశాడు, ఆడియో ఎందుకు తీశాడు" అని మళ్ళీ మీలాంటి హరి ఒకడు వస్తాడు. 2021లో లక్నోలో క్యాబ్ డ్రైవర్ని కొట్టిన అమ్మాయి వీడియో గుర్తుందా? మొదట కేసు డ్రైవర్ మీద. సీసీ ఫుటేజీ రాగానే జనం మొత్తం అటు తిరిగి ఆ అమ్మాయి మీద పడ్డారు, నెలల తరబడి. ఇక్కడ ఫుటేజీ పెడితే మొదట "ముసలాయన డ్రామా", సాయంత్రానికి "తండ్రిని చూసుకోలేని కొడుకు". ఆ కొడుకు ఆఫీసు పేరు రాత్రికల్లా దొరుకుతుంది.

హైటెక్_హరి
"మీలాంటి హరి" బాగుంది. ఒప్పుకుంటున్నా.

శ్రీలత_కె
ఆ కొడుకుతో ఎవరైనా మాట్లాడారా? ఫుటేజీ పెట్టాలా వద్దా అన్నది మీ అన్న, మీ వదిన తేల్చేది కాదు. ఆ పెద్దాయన్ని అడగాలి కదా. ఏ మందు అడిగినా పిచ్చివాడు కాదు ఆయన.

చిన్నోడు_నల్లగొండ
ఇది మాకెవరికీ తట్టలేదు మేడమ్.

డల్లాస్_డప్పు
ఒకటి చెప్పాలి. పొద్దున్నుంచి రాద్దామా వద్దా అని చూస్తున్నా. చెరుకు రసం బండి, వంద నోటు, మెట్లు. ఆ వీడియో నేను చూశాను. స్కూల్ దగ్గర పిల్లాడి కోసం కార్లో లైన్‌లో ఉన్నా. బోర్డు మీద పేరు చూసి మ్యాప్స్‌లో వెతికి ఒక్క స్టార్ ఇచ్చి "నువ్వు మనిషివేనా" అని రాశా. మా నాన్న గుర్తొచ్చాడు, ఆయనకీ అలాంటి తెల్ల పంచెలే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. కాలేజీ బ్యాచ్ గ్రూపుకి, గుడి గ్రూపుకి, క్రికెట్ గ్రూపుకి పంపాను. బోస్టన్ గురించి పైన అంత రాశానే, రాస్తున్నప్పుడు కూడా ఇదే షాపని వెలగలేదు. తర్వాత మొదటి పోస్టు మళ్ళీ చదివితే వెలిగింది.

రివ్యూ ఇప్పుడే తీసేశా. పది సెకన్లు పట్టింది. గ్రూపుల్లో రాద్దామని చూస్తే క్రికెట్ గ్రూపులో దాని తర్వాత 214 మెసేజ్‌లు ఉన్నాయి, అన్నీ ఐపీఎల్ గురించి. ఎవరికీ గుర్తు కూడా లేదు.

నాన్‌స్టాప్_నాని
జోక్ వేద్దామని వచ్చా. వెళ్ళిపోతున్నా.

చింతచిగురు
డప్పు గారూ, గుర్తు లేకపోయినా రాయండి గ్రూపుల్లో. మందు సంగతి రాయకుండా.

డల్లాస్_డప్పు
రాశా. "ఆ షాపాయన తప్పు లేదు, నాకు తెలిసింది, తొందరపడి పంపాను" అని. గుడి గ్రూపులో ఒకాయన దండం పెట్టిన బొమ్మ పెట్టాడు. క్రికెట్ గ్రూపులో "ఏ షాపు" అన్నారు.

చిన్నోడు_నల్లగొండ
అన్నా, మీ మీద కోపం రావాలి. రావట్లేదు. వదినకి చూపించా, ఆమెకి మాత్రం వచ్చింది.

డల్లాస్_డప్పు
రానివ్వండి. ఆమెకి రావాల్సిందే.

చిన్నోడు_నల్లగొండ
అప్‌డేట్, తొమ్మిది రోజుల తర్వాత. శ్రీలత మేడమ్ చెప్పినట్టు అన్న, నేను కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. కొడుకు గుమ్మంలోనే దండం పెట్టాడు, తనూ వీడియో చూశాడట, ఏం రాసినా తండ్రి సంగతి బయటికొస్తుందని నోరు మూసుకున్నాడట. పెద్దాయన లోపల మంచం మీద ఉన్నాడు. ఫుటేజీ సంగతి అడిగితే "నేను ఏడ్చింది అందులో ఉందా" అన్నాడు. ఉందన్నాం. "మీ ఇష్టం నాయనా" అని అటు తిరిగి పడుకున్నాడు. అన్న పెన్‌డ్రైవ్ జేబులోంచి తియ్యలేదు. పెట్టట్లేదు, తేలిపోయింది. కొడుకు ఆయన్ని పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాడు.

జీవీ సార్ నోటీసు డ్రాఫ్ట్ చేసిచ్చారు, పుణె ఆవిడకి పంపాం. రివ్యూ మాయమైంది, సారీ ఏమీ లేదు. మూర్తి సార్ చెప్పినట్టు రాత్రిళ్ళు నేను, పాప కూర్చుని రిపోర్ట్ కొట్టాం. 180 దాకా పోయాయి, మిగతావి అలాగే ఉన్నాయి. పాప బడికి పోతోంది. చెరుకు రసం బండి కుర్రాడు ఎవరో తెలిసింది, వాణ్ణి ఏం చేయాలో ఇంకా అనుకోలేదు.

షాపు తెరిచాం. ఆరేడు వేలు అయ్యే బేరం నిన్న పదకొండు వందలు. సాయంత్రం ఒకాయన మెట్ల కింద నిలబడి ఫోన్ పైకెత్తాడు. అన్న చటుక్కున అట్టపెట్టెల వెనక్కి వెళ్ళిపోయాడు. చూస్తే కౌంటర్ మీద ఫోన్‌పే కోడ్ స్కాన్ చేస్తున్నాడు పాపం.

గోదారి_గట్టు
ఎంతకి స్కాన్ చేశాడండి?

చిన్నోడు_నల్లగొండ
నలభై రెండు. గ్యాస్ మాత్రలు.